రెండుసార్లు తగ్గి రెండుసార్లూ మళ్ళీ పెరిగాను, ఉద్యోగం చేస్తూ బరువు నిలబెట్టుకున్న అమ్మలు ఎవరైనా ఉన్నారా?

విజయనగరం_టీచర్

నమస్కారం అండీ. మాది విజయనగరం, వయసు 35, ఎత్తు 155 సెంటీమీటర్లు, ఈరోజు పొద్దున్న చూసుకుంటే 78 కిలోలు. గజపతినగరం అవతల ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. బాబు మూడో తరగతి, పాపకి ఇంకా నాలుగు నిండలేదు, మా అత్తగారు మాతోనే ఉంటారు. మా ఆయన విశాఖలో ఉద్యోగం, పొద్దున్న రైలుకి వెళ్తే రాత్రి ఎనిమిదిన్నరకి గానీ ఇంటికి రారు. నేను ఐదింటికి లేచి టిఫిను, అన్నం, రెండు కూరలు, క్యారేజీలు అన్నీ ముగించుకుని ఏడూ నలభైకల్లా బస్ కాంప్లెక్స్‌లో ఉండాలి. ఆ హడావిడిలో నిలబడి రెండు ఇడ్లీలు తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. సాయంత్రం ఐదున్నరకి ఇల్లు చేరేసరికి కళ్ళు తిరిగే ఆకలి, అప్పుడు చేతికి ఏది దొరికితే అది, చేగోడీలు, బిస్కెట్లు, దారిలో కట్టించుకున్న బజ్జీలు.

పెళ్ళినాటికి 56 కిలోలు ఉండేదాన్ని. బాబు పుట్టాక ఒకసారి అన్నం పూర్తిగా మానేసి మూడు నెలల్లో 8 కిలోలు తగ్గాను, మళ్ళీ అన్నం మొదలుపెట్టిన ఏడు నెలల్లో అంతా తిరిగొచ్చింది. పోయినేడు తెలిసినావిడ ఒకరు న్యూట్రిషన్ సెంటర్ అని తీసుకెళ్తే పొద్దున్నా రాత్రీ పౌడర్ కలుపుకుని తాగాను. మూడు నెలల్లో 9 కిలోలు తగ్గాను, అందరూ ఎంత బాగున్నావో అన్నారు, దాదాపు 20 వేలు ఖర్చయింది. డబ్బు చాలక ఆపాను. ఇప్పుడు మొదలుపెట్టినప్పటికంటే ఒక కిలో ఎక్కువే ఉన్నాను.

నెల క్రితం రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ 6.0 వచ్చింది. బోర్డర్‌లో ఉన్నావు, బరువు తగ్గు అన్నారు డాక్టర్. మా నాన్నగారికి షుగర్‌తో కాలి వేలు తీసేశారు, ఆ కట్టు నేనే మార్చేదాన్ని. అప్పటినుంచీ రాత్రిళ్ళు అదే టెన్షన్. దయచేసి నెలలో పది కిలోలు తగ్గే చిట్కాలు చెప్పకండి. తగ్గడం నాకు వచ్చు. తగ్గినదాన్ని నిలబెట్టుకోవడమే రావడం లేదు. కనీసం రెండు మూడేళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు, అందులోనూ ఉద్యోగం, పిల్లలు, వంట అన్నీ మోస్తున్నవాళ్ళు, మీ ఇంట్లో ఏం మార్చారో చెప్పండి.

బొబ్బిలి_అమ్మాయి

మేడమ్, ముందు థైరాయిడ్ చూపించుకున్నారా? టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. నేను ఏడాది పాటు ఎంత తక్కువ తిన్నా తగ్గక ఏడ్చాను, తీరా చూస్తే 11 ఉంది. థైరాయిడ్ ఒక్కదానివల్లే ఇరవై కిలోలు పెరగవని మా డాక్టర్ గారు అప్పుడే చెప్పేశారు, కానీ ఒళ్ళు నీరసంగా, నిద్రమత్తుగా ఉంటే నడవాలని ఎవరికి అనిపిస్తుంది, అది సరిచేసుకుంటే మిగతా పనికి ఓపిక వస్తుంది.

ఇంకో మాట. మాత్ర మొదలుపెట్టాక కూడా ఆరు నెలలు నాకు తగ్గలేదు, ఎందుకంటే పొద్దున్నే కాఫీతో పాటే వేసేసుకునేదాన్ని. అది పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పౌడర్ల గురించి మాత్రం నేనేమీ చెప్పను, నా డబ్బు కూడా అలాగే పోయింది.

నాగావళి_ఒడ్డు

చెల్లీ, నీకు చెప్పాలనిపించి ఆఫీసు నుంచి రాగానే కూర్చున్నాను, కాస్త పెద్దదే అవుతుంది.

మాది శ్రీకాకుళం. ఒక ఆఫీసులో క్లర్కుని, పది నుంచి ఐదున్నర దాకా కుర్చీలోనే. ఎత్తు 157. 2020 సంక్రాంతి వెళ్ళాక 81 కిలోలు ఉన్నాను, 2021 దసరాకి 66కి వచ్చాను, అంటే దాదాపు 20 నెలలు పట్టింది. అప్పటినుంచి 65, 66 మధ్యే ఉంటున్నాను, మధ్యలో ఒకసారి తప్పింది, అది తర్వాత చెప్తాను. అంతకుముందు నేనూ నీలాగే, తేనె నిమ్మకాయ, ఒంటిపూట భోజనం, రాత్రి రెండు పుల్కాలు, అన్నీ చేశాను. ఇంటిల్లిపాదికీ ఒక వంట, నాకు వేరే వంట. వేరే వంట ఎన్నాళ్ళు చేస్తాం చెప్పు? పిల్లాడికి జ్వరం వచ్చిన వారం అది ఆగిపోయేది, ఇంక అంతే.

మార్పు ఎక్కడ మొదలైందో చెప్తాను. ఒక ఆదివారం పొద్దున్న ఒక స్టీలు గిన్నె తీసి గట్టు మీద పెట్టుకున్నాను. కంచంలో పెట్టుకుని తినేది కాకుండా ఆ రోజంతా నా నోట్లోకి వెళ్ళబోయే ప్రతిదీ అందులో వేయాలని. రాత్రి పది గంటలకి చూస్తే అందులో చిన్నది వదిలేసిన సగం దోసె, నెయ్యి కలిపిన పప్పన్నం నాలుగు ముద్దలు, పెద్దాడికి నచ్చని గుడ్డు పచ్చసొన, రెండు అప్పడం ముక్కలు, నల్లబడుతున్న సగం అరటిపండు, బాణలి అడుగున గీకిన బంగాళాదుంప వేపుడు, పక్కన గ్లాసులో రెండు గుక్కల బూస్ట్ పాలు. చెల్లీ, అది ఒక మనిషి పూట భోజనం. అన్నం పారేయకూడదని పెంచారు మనల్ని, అందుకే పిల్లల ఎంగిలి, గిన్నెల అడుగు, మిగిలిపోయినవి అన్నీ మన కడుపులోకే. అదంతా తిని కూడా నేను రోజూ 'ఈరోజు పెద్దగా ఏమీ తినలేదు' అనుకునేదాన్ని, నిజంగానే అలా అనిపించేది, ఎందుకంటే కంచం ముందు కూర్చుని తిన్నది లేదు.

అందుకని ఒకటే మొదలుపెట్టాను. నాకంటూ ఒక కంచం. నేను తినేది అందులోంచే, కూర్చునే. పిల్లలకి ముందే సగం పెట్టి, కావాలంటే మళ్ళీ వడ్డించడం అలవాటు చేశాను, దాంతో మిగలడమే తగ్గిపోయింది. అయినా మిగిలింది మా వీధిలో ఆవులున్నవాళ్ళ కుడితి బకెట్లోకి వెళ్తుంది. మొదట్లో చెయ్యి వణికేది, ఇప్పుడు లేదు.

రెండోది, రాత్రి పిల్లలతో పాటే ఏడున్నరకి తినేయడం. మా ఆయన తొమ్మిదిన్నరకి వస్తారు. అప్పటిదాకా ఆకలితో ఉండి వంటింట్లో తిరుగుతుంటే ఏదో ఒకటి నోట్లోకి వెళ్ళేది, ఆయన వచ్చాక మళ్ళీ భోజనం. మా అత్తగారు, 'మొగుడు రాకుండా తినేస్తావేటమ్మా' అన్నారు. నాకు బాధనిపించింది, కానీ నేను ఆవిడతో వాదించలేదు, షుగర్ రిపోర్టు చూపించాను. ఆవిడకీ షుగరే. ఆ రోజు నుంచి ఏడున్నరకి ఆవిడ కూడా మా పక్కన కూర్చుంటున్నారు.

కంచంలో ఏముంటుందంటే, సగం కూర, కూర అంటే నిజంగా కూరగాయలు, బీరకాయ, ఆనపకాయ, దొండకాయ, తోటకూర, ఏదైనా సరే. తర్వాత గట్టి పప్పో, గుడ్డో, చేపో. ఆ తర్వాతే అన్నం. నేను వంటింటి త్రాసు కొని ఒకరోజు మామూలుగా పెట్టుకునే అన్నం తూచాను, 380 గ్రాములు వచ్చింది, ఒక్క రాత్రి పూట. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు, అంటే కూర కలపకముందే దాదాపు 500. నెమ్మదిగా 180కి వచ్చాను. మానలేదు. అన్నం లేకుండా నాకు తిన్నట్టుండదు, నీకూ ఉండదు, అందుకే నీకు మొదటిసారి తిరిగొచ్చేసింది.

ఇక నూనె. ఇది ఎవరూ పట్టించుకోరు, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. అది ఏ నూనె అయినా గ్రాముకి 9 కేలరీలే, మంచి నూనె అని తక్కువ ఉండదు. మాది ఐదుగురి ఇల్లు, ఐదు లీటర్ల క్యాను 25 రోజుల్లో అయిపోయేది. లెక్కేసుకో, రోజుకి మనిషికి 40 మిల్లీలీటర్లు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల భోజనానికి నూనె 27 గ్రాములే చెప్పారు. నేను అప్పట్లో ఇవన్నీ చదవలేదు, క్యాను విప్పిన రోజు దాని మూత మీద మార్కర్‌తో తేదీ రాయడం మొదలుపెట్టానంతే. సీసాతో వంచి పోయడం మానేసి, పిల్లల దగ్గు మందుతో వచ్చే కొలత మూత కడిగి అందులో కొలిచి పోశాను. ఇప్పుడు అదే క్యాను 40 రోజులు వస్తుంది. ఇంట్లో ఎవరికీ రుచి తేడా తెలియలేదు, వేపుడు మాత్రం వారానికి రెండుసార్లకి తగ్గించాను, పిల్లలు కొన్నాళ్ళు గొడవ చేశారు, తర్వాత మర్చిపోయారు.

నీ సాయంత్రం ఐదున్నర ఆకలికి నాకు తెలిసిన మందు ఒకటే, నాలుగున్నరకే తినడం. ముందురోజు రాత్రి ఉలవలో, శనగలో, బొబ్బర్లో నానబోసి పొద్దున్న కుక్కర్లో పడేసి చిన్న డబ్బాలో గుగ్గిళ్ళు పట్టుకెళ్తాను. స్కూలు వదిలే ముందు ఓ పది నిమిషాలు కూర్చుని తినేసి బస్సెక్కు, బజ్జీల బండి దగ్గర నీ కాళ్ళు ఆగవు. పొద్దున్న టిఫిను మానేయకు, ఆ రెండు ఇడ్లీలతో ఒక ఉడికించిన గుడ్డు తిను, ఒక్క గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది.

నడక నాకు లాక్‌డౌన్‌లో ఆగిపోయింది, అందుకే మొదటి ఆరు కిలోలు వంటింట్లోనే తగ్గాయి. తర్వాత ఏడు రోడ్ల కూడలి దగ్గరే ఆటో దిగి ఇంటికి నడవడం మొదలుపెట్టాను. వీలున్న రోజు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తాను. నా మూడు నెలల షుగర్ 6.1 ఉండేది, పోయిన నెల 5.5.

రాజాం_ఫిట్

ఇంత అవసరం లేదు. అన్నం మానేసి చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అంబలి తాగండి, రోజుకి పదహారు గంటలు ఏమీ తినకండి. నేను రెండు నెలల్లో 12 కిలోలు తగ్గాను. మిల్లెట్స్ ఎంత తిన్నా బరువు పెరగరు.

నాగావళి_ఒడ్డు

తమ్ముడూ, నువ్వు తగ్గినందుకు సంతోషం, కానీ రెండు మూడు నెలల్లో తగ్గడం ఆవిడ రెండుసార్లు చేసి చూపించింది, ఆవిడ అడుగుతున్నది అది కాదు.

చోడి అంబలి మా ఇంట్లోనూ వారానికి మూడు రోజులు ఉంటుంది, మా అమ్మ నేర్పింది, ముందురోజు రాత్రి పిండి కలిపి పులియబెట్టి కాస్తాను. చాలా మంచిది, పీచు ఎక్కువ, 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది, ఆడవాళ్ళకి అది కావాలి. కానీ ఎంత తిన్నా పెరగరు అన్నది మాత్రం నిజం కాదు. 100 గ్రాముల చోడి పిండిలోనూ 320 కేలరీల పైనే ఉంటాయి, బియ్యంలో 350. పెద్ద తేడా లేదు. చోడి అంబలి మంచిదని రెండు గ్లాసులు తాగి, పైన బెల్లం వేసుకుని, మళ్ళీ టిఫిను కూడా తిన్న రోజులు నాకున్నాయి, ఆ నెల ఒక కిలో పెరిగాను.

పదహారు గంటల పస్తు కొందరికి సరిపడుతుంది, మొత్తం మీద తినేది తగ్గితేనే ఎవరికైనా తగ్గుతుంది. కానీ ఐదింటికి లేచి రోజంతా పిల్లల ముందు గొంతు చించుకునే టీచరమ్మ మధ్యాహ్నం దాకా పస్తుంటే సాయంత్రం ఏం జరుగుతుందో ఆవిడే రాసింది పైన.

ఆమదాలవలస_ఫిజియో

మేడమ్, రెండుసార్లూ మీకు ఎందుకు తిరిగొచ్చిందో నా వైపు నుంచి చెప్తాను. వేగంగా తగ్గినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. కూర్చున్నా పడుకున్నా శరీరం ఖర్చు చేసే శక్తిలో కండకీ వాటా ఉంది. బరువు తగ్గిన శరీరానికి ముందున్నంత తిండి అక్కర్లేదు, ఆకలి మాత్రం ముందుకంటే ఎక్కువ వేస్తుంది. పాత తిండి మళ్ళీ మొదలైతే బరువు తిరిగి రావడంలో మీ తప్పేమీ లేదు, శరీరం పనిచేసే తీరే అది. మీకు మనోబలం లేదని ఎవరైనా అంటే వినకండి.

అందుకే కండ నిలబెట్టుకోవాలి. దానికి జిమ్ అక్కర్లేదు. చేతులు లేని కుర్చీలో కూర్చుని చేతులు వాడకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి అడుగున్నర దూరంలో నిలబడి అరచేతులు గోడకి ఆనించి పదిసార్లు నెట్టండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తండి. ఈ మూడూ మూడేసి విడతలు చేస్తే పావుగంటలో అయిపోతుంది, వారానికి రెండు మూడు రోజులు చాలు, తేలికైపోయాక సంఖ్య పెంచండి. దీనికి తోడు వారానికి 150 నిమిషాలు చురుకైన నడక, అది ఒకేసారి నడవక్కర్లేదు, పది పది నిమిషాలు కలిపినా లెక్కే. మీకు అయ్యకోనేరు గట్టు దగ్గరైతే సాయంత్రం పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్ళండి.

రెండు కాన్పుల్లో ఏదైనా ఆపరేషన్ అయ్యుంటే, పొట్ట కండరాల మధ్య ఖాళీ ఉందేమో ఒకసారి చూపించుకోండి. అలా ఉన్నవాళ్ళు యూట్యూబ్ చూసి పొట్ట తగ్గే వ్యాయామాలు మొదలుపెట్టి నడుం నొప్పితో మా దగ్గరికి వస్తున్నారు.

విజయనగరం_టీచర్

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నాగావళి అక్కా, మీరు గిన్నె సంగతి చెప్పాక నిన్న నేనూ పెట్టాను. సాయంత్రానికే నిండింది. చూస్తూ చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.

ఫిజియో గారూ, బాబు ఆపరేషనే, పాప కూడా. తప్పకుండా చూపించుకుంటాను. టీఎస్‌హెచ్‌కి రేపు రక్తం ఇస్తున్నాను.

అక్కా, రెండు మూడు అడగాలి. ఒకటి, తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతే ఏం చేశారు? పోయినసారి పౌడర్ తాగినప్పుడు కూడా మూడో నెల తర్వాత ఆగిపోయింది, అక్కడే నాకు విసుగొచ్చింది. రెండు, పండగలు. మా ఇంట్లో సంక్రాంతికి రెండు కుంచాల అరిసెలు వండుతారు, పైడితల్లి జాతరకి చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు, సిరిమాను ఊరేగే రోజు మా ఇంట్లో ముప్పై మందికి వంట. తినను అంటే అత్తగారు, ఆడపడుచులు బాధపడతారు. మూడు, మధ్యలో ఒకసారి తప్పిందన్నారు. అది చెప్పండి. నాకు అదే ఎక్కువ కావాలి.

నాగావళి_ఒడ్డు

చెల్లీ, ఆగిపోవడం గురించి ముందు. ఐదు నెలల్లో 6 కిలోలు తగ్గాక మూడు నెలలు ముల్లు కదల్లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం మిషన్ ఎక్కేదాన్ని. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుందని, ముందురోజు ఆవకాయో అప్పడాలో ఎక్కువ తింటే మర్నాడు ముల్లు పైకే చూపిస్తుందని అప్పుడు నాకు తెలియదు. మిషన్ని అటక మీద పెట్టించి శనివారం పొద్దున్న ఒక్కసారే దింపేదాన్ని, దాంతో పాటు బొడ్డు దగ్గర టేపుతో కొలత. ఆ మూడు నెలల్లో బరువు కదల్లేదు కానీ నడుం నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. మన ఆడవాళ్ళకి నడుం 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నాది 98 నుంచి మొదలైంది, ఇంకా 84 దగ్గరే ఉంది. తర్వాత మళ్ళీ అన్నం తూచి చూస్తే 180 అనుకుంటున్నది 250 అయి కూర్చుంది. కంటి కొలత అలా జారిపోతుంది. అందుకే ఇప్పటికీ రెండు మూడు నెలలకోసారి ఒక వారం తూస్తాను.

పండగకి తిను. ఇది మనసారా చెప్తున్నాను. అరిసె తినని సంక్రాంతి మనకెందుకు? నన్ను లావు చేసింది పండగ రోజు కాదు, పండగ వెళ్ళాక ఇరవై రోజులు డబ్బాలో ఉన్న అరిసెలు, రోజుకి రెండు చొప్పున. ఇప్పుడు కనుమ వెళ్ళిన మర్నాడే డబ్బా ఖాళీ చేసి పనిచేసే అమ్మాయికి, ఆఫీసుకి, ఎదురింటికి పంచేస్తాను. జాతర రోజు ముప్పై మందికి వండేటప్పుడు రుచి చూసేది చెంచాతో చూడు, గరిటెతో కాదు, చివర్లో నువ్వు కూడా నీ కంచంలో పెట్టుకుని కూర్చో.

ఇక తప్పిన సంగతి. 2023లో మా అమ్మకి ఒంట్లో బాగోలేక రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాం. రాత్రి నిద్ర లేదు, కాంటీన్‌లో టీ, సమోసా, పూరీ. నిద్ర లేకపోతే ఆకలి పెరుగుతుందని విన్నాను గానీ అంత పెరుగుతుందని అప్పుడే తెలిసింది, అర్ధరాత్రి రెండింటికి కూడా తినాలనిపించేది. అమ్మ మాకు దక్కలేదు. కర్మకాండలు అయి ఇంటికొచ్చి చూసుకుంటే 70. చాలా రోజులు మిషన్ దింపలేదు. పాతకాలం నేనైతే ఇంక అయిపోయింది అని వదిలేసేదాన్ని. ఈసారి వదిలేయడానికి నా దగ్గర డైట్ అనేదేమీ లేదు. క్యాను మీద తేదీ రాయడం, కంచం, ఏడున్నర భోజనం, గుగ్గిళ్ళు, అవి నా కోసం ఆగలేదు, నేను లేని రెండు నెలలూ మా అత్తగారు, పిల్లలు అలాగే నడిపించారు. నేను వెళ్ళి అందులో కూర్చున్నాను అంతే. ఐదు నెలల్లో 66కి వచ్చాను. అప్పటినుంచి ఒక గీత పెట్టుకున్నాను, 68 చూస్తే ఆ రోజే త్రాసు బయటికి తీస్తాను, 70 దాకా ఆగను.

నీ 78కి ఇప్పుడు 56 గురించి ఆలోచించకు. ముందు నాలుగు కిలోలు. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా షుగర్ వచ్చే ముప్పు బాగా తగ్గుతుందని మా డాక్టర్ గారు చెప్పారు. నెలకి కిలో, కిలోన్నర తగ్గితే చాలు.

నెల్లిమర్ల_నాన్న

మగవాళ్ళు రాయొచ్చో లేదో తెలియదు, మా ఆవిడ చదివి వినిపిస్తే రాస్తున్నాను. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, రెండేళ్ళలో 11 కిలోలు తగ్గింది. నేను చేసింది రెండే పనులు. పొద్దున్న ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా వంటింట్లో నేనుంటాను, కూరగాయలు ముందురోజు రాత్రే తరిగి పెడతాను, ఆ ముప్పావు గంట ఆవిడ నడకకి వెళ్తుంది. రెండోది, ఇంటికి వచ్చేటప్పుడు జీడిపప్పు పకోడీ, స్వీట్లు కట్టించుకుని రావడం మానేశాను. మాకు పలాసలో చుట్టాలున్నారు, జీడిపప్పు కిలోల లెక్కన వచ్చేది, 100 గ్రాముల్లో 550 కేలరీలు దాటి ఉంటాయని తెలియక టీవీ చూస్తూ గుప్పెళ్ళతో తినేవాళ్ళం. ఇప్పుడు మనిషికి పది పప్పులు లెక్కపెట్టి పెడుతుంది.

మేడమ్ వాళ్ళ ఆయనకి రైలు ప్రయాణం కాబట్టి రోజూ కుదరకపోవచ్చు, కానీ ఆదివారం వారానికి సరిపడా ఉల్లిపాయలు, వెల్లుల్లి ఒలిచి, ఆకుకూర శుభ్రం చేసి పెట్టడం ఎవరైనా చేయగలరు. ఆయనతో ఒకసారి మాట్లాడండి. నాకు మా ఆవిడ అడిగేదాకా తట్టలేదు, తట్టకపోవడం నా తప్పే.

విజయనగరం_టీచర్

ఐదు వారాలయింది, చెప్పాలని వచ్చాను. టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. పొట్ట కండరాల మధ్య ఖాళీ ఉందన్నారు, ఊపిరి పట్టి వదిలే వ్యాయామాలు ఇచ్చారు, అవి రోజూ చేస్తున్నాను, కుర్చీలోంచి లేవడం మూడు విడతలకి వచ్చింది.

ఈ శనివారం 76.4. పోయినసార్లతో పోలిస్తే ఏమీ కాదు, కానీ ఈసారి నాకు ఆకలిగా లేదు అక్కా, అదే నాకు కొత్తగా ఉంది. మా ఆయనకి మీ రిప్లైలన్నీ చదివి వినిపించాను. నెల్లిమర్ల అన్నయ్య గారు రాసింది విని ఏమీ మాట్లాడలేదు, ఆదివారం మాత్రం గోంగూర కట్టలు ముందేసుకుని కూర్చున్నారు.

మా అత్తగారికి ఏడున్నర భోజనం మొదట్లో నచ్చలేదు. నూనె కొలిచి పోస్తుంటే, 'మరీ అంత లెక్కేటమ్మా' అన్నారు. మొన్న పాత క్యాను అయిపోయి కొత్తది విప్పాను, స్కూలుకి టైమవుతోందని మూత మీద తేదీ రాయకుండానే పరుగెత్తాను. సాయంత్రం వచ్చి చూస్తే తేదీ రాసి ఉంది. బాబు చేత రాయించారట, అంకెలు కాస్త వంకరగా ఉన్నాయి.

ఒక్క అనుమానం అక్కా. ఉలవలు తిన్న రోజు క్లాసులో పొట్ట ఉబ్బరంగా ఉంటోంది, ఏం చేయాలి?

నాగావళి_ఒడ్డు

రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళు పోసి ఉడికించు, ఇంగువ, జీలకర్ర వేసి పోపు పెట్టు. మొదట్లో రెండు చెంచాలతోనే మొదలుపెట్టి వారం వారం పెంచు. అప్పటికీ పడకపోతే ఉలవలు వదిలేసి పెసలు చూడు.